ఒకే ప్రమాదం, మూడు రకాల మచ్చలు: కాలిన మచ్చల చికిత్సలో ఒక కేస్ స్టడీ

27 ఏళ్ల మహిళ. బడిలో పాఠాలు చెబుతారు. దుస్తులకు మంట అంటుకుని మెడ కుడివైపు, ఛాతీ పైభాగం, కుడి చంక, కుడి చేయి కాలాయి. మొత్తం కలిపితే శరీర ఉపరితలంలో దాదాపు 12 శాతం. గాయాలకు చికిత్స మరోచోట జరిగింది. మచ్చల కోసం మా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం జరిగి ఐదు నెలలైంది. కూర్చుంటూనే అడిగారు: "డాక్టరు గారూ, లేజర్ చేస్తే మచ్చలన్నీ పోతాయట కదా, ఎప్పుడు మొదలుపెడతారు?"

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒకే మంటకు, ఒకే రోజు కాలిన చర్మం ఈమెకు మూడు చోట్ల మూడు విధాలుగా మానింది. మెడ మీద ఎర్రగా ఉబ్బిన గట్టి మచ్చ. చంక ముందు అంచున తాడులా బిగుసుకుపోయిన పట్టీ. ముంజేతి మీద చదునుగా, నల్లగా, వల గళ్లు కనిపించే చర్మం. ఈ మూడింటికీ ఒకే చికిత్స చేసి ఉంటే కనీసం రెండు చోట్ల అది వృథా అయ్యేది, బహుశా ఒకచోట హాని కూడా జరిగేది. రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలు వదిలేసి రాస్తున్నాను.

వచ్చినప్పటి స్థితి

మచ్చను కొలవడానికి మేము ఎక్కువగా వాడేది వాంకూవర్ స్కార్ స్కేల్. 1990లో వచ్చిన ఈ కొలమానంలో రక్తనాళాల ఎరుపు, రంగు, మెత్తదనం, ఎత్తు అనే నాలుగు అంశాలకు మార్కులు వేస్తారు. మామూలు చర్మానికి సున్నా, అత్యంత తీవ్రమైన మచ్చకు 13. మెడ మీది మచ్చకు 10 వచ్చింది. ఊదా రంగుకు దగ్గరైన ఎరుపు, వేలితో నొక్కితే లొంగని గట్టిదనం, కొన్ని చోట్ల చర్మం మట్టం కన్నా మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు. మెడ వెనక్కి వాల్చినప్పుడు లాగుతోంది కానీ కదలిక పూర్తిగానే ఉంది. ముంజేతి మచ్చకు 4 మాత్రమే వచ్చింది, అందులో రెండు మార్కులు నల్లటి రంగువే.

చంక విషయంలో ఈ స్కేల్ కన్నా కోణమానిని ఎక్కువ చెబుతుంది. చేతిని పక్కకు పైకెత్తితే మామూలుగా 180 డిగ్రీల దాకా వెళ్లాలి. ఈమెకు 85 దగ్గర ఆగిపోయింది, అంటే భుజం మట్టానికి కూడా రాలేదు. బోర్డు పైభాగంలో రాయలేకపోతున్నానని, జుట్టు ముడి వేసుకోవాలంటే తల వంచాల్సి వస్తోందని చెప్పారు.

వాంకూవర్ స్కేల్‌లో పెద్ద లోపం ఒకటి ఉంది. రోగి ఏమనుకుంటున్నారో అందులో చోటు లేదు. అందుకే 2004లో వచ్చిన పోసాస్ అనే మరో కొలమానాన్ని కూడా వాడతాం. అందులో డాక్టరు వేసే మార్కులతో పాటు నొప్పి, దురద, రంగు, గట్టిదనం, మందం, ఎగుడుదిగుడు గురించి రోగి స్వయంగా వేసే మార్కులు ఉంటాయి. ఆ కాగితం ఆమె చేతికి ఇచ్చాకే అసలు బాధ బయటపడింది. దురదకు పదికి ఎనిమిది వేశారు. రాత్రి మూడు నాలుగుసార్లు మెలకువ వస్తోందట. అంతవరకూ ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "దురద కూడా జబ్బేనా అని ఊరుకున్నానండీ" అన్నారు.

ఒకచోట ఉబ్బి, మరోచోట ఎందుకు ఉబ్బలేదు?

కాలిన గాయం రెండు వారాల లోపు మానితే ఉబ్బు మచ్చ వచ్చే అవకాశం తక్కువ. మూడు వారాలు దాటితే ఆ అవకాశం బాగా పెరుగుతుంది. మచ్చల చికిత్సలో ఇంతకన్నా ఉపయోగపడే అంచనా సూత్రం నాకు తెలియదు. గాయం తెరుచుకుని ఉన్నంతకాలం వాపు ప్రక్రియ నడుస్తూనే ఉంటుంది. ఆ సంకేతాల ప్రభావంతో మయోఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొలాజెన్ పీచును అవసరానికి మించి తయారుచేస్తాయి, పైగా గాయం అంచులను లోపలికి లాగుతాయి. గాయం మానాక ఈ కణాలు తగ్గిపోవాలి. ఆలస్యంగా మానిన గాయంలో అవి నెలల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. మచ్చ ఉబ్బడానికీ, బిగుసుకోవడానికీ మూలం ఇదే.

ఈమె పాత కాగితాలు చూస్తే లెక్క సరిపోయింది. ముంజేయి బాగా లోతుగా కాలిందని రెండో వారంలోనే తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. గ్రాఫ్ట్ పట్టుకుంది, గాయం మూసుకుంది, మచ్చ ఉబ్బలేదు. మెడ, చంక అంత లోతుగా కాలినట్లు కనిపించకపోవడంతో డ్రెస్సింగులతోనే మాననిచ్చారు. అవి మానడానికి ఆరు వారాలు పట్టింది. ఎక్కువ లోతుగా కాలిన చోట మచ్చ చదునుగా, తక్కువ లోతుగా కాలిన చోట ఉబ్బుగా ఉండటం వింతగా అనిపించవచ్చు, కానీ మచ్చను నిర్ణయించింది గాయం మూసుకోవడానికి పట్టిన కాలం. మొదట చూసినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మధ్యస్థపు లోతు గాయాలను మొదటి రోజుల్లో కంటితో అంచనా వేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. లేజర్ డాప్లర్ పరికరంతో రక్తప్రసరణ కొలిస్తే అంచనా మెరుగవుతుంది, కానీ అది అన్ని చోట్లా ఉండదు.

మెడ మీదిది కెలాయిడ్ కాదని కూడా ముందే తేల్చుకోవాల్సి ఉంది. ఉబ్బు మచ్చ గాయం జరిగిన హద్దులోనే ఉంటుంది, ఏడాదీ రెండేళ్లలో కొంతైనా తనంతట తాను సర్దుకుంటుంది. కెలాయిడ్ హద్దు దాటి మంచి చర్మంలోకి పాకుతుంది, కోసి తీసేస్తే తరచుగా మరింత పెద్దదై తిరిగొస్తుంది. ఈమె మచ్చ కాలిన హద్దు దాటలేదు. కుటుంబంలో కెలాయిడ్ చరిత్ర లేదు, చెవి కుట్టిన చోట కూడా ఏమీ రాలేదు.

లేజర్ కన్నా ముందు చేసినవి

మొదటి రోజే లేజర్ మొదలుపెట్టనందుకు ఆమె కొంచెం నిరుత్సాహపడ్డారు. రాత్రి నిద్ర లేని మనిషి గంటల తరబడి సిలికాన్ పట్టీ పెట్టుకుని, ఆపైన వ్యాయామాలు చేయలేదు. దురద తగ్గకుండా మిగతా ఏ చికిత్సా నిలవదు. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాం.

కాలిన చర్మంలో నూనె గ్రంథులు పోతాయి కాబట్టి అది తనంతట తాను తేమను నిలుపుకోలేదు. వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ రోజుకు మూడు నాలుగుసార్లు రాయమన్నాం, స్నానం అయిన వెంటనే తప్పనిసరి. మామూలు అలర్జీ మాత్రలు ఆమె అప్పటికే వాడి చూశారు, పెద్దగా ఫలితం లేదు. కాలిన మచ్చల దురదలో అలర్జీ మాత్రలు అడ్డుకునే హిస్టమిన్ అనే రసాయనం పాత్ర కొంతే, తిరిగి పెరుగుతున్న నరాల పాత్ర చాలా ఉంటుంది. అందుకే నరాల మీద పనిచేసే గాబాపెంటిన్‌ను తక్కువ మోతాదుతో రాత్రిపూట ఇచ్చాం. మూడు వారాల్లో దురద మార్కు ఎనిమిది నుంచి నాలుగుకు దిగింది. ఆమె మొహంలో తేడా మచ్చ కన్నా ముందే కనిపించింది. ఆరు నెలల తర్వాత ఆ మందును నెమ్మదిగా తగ్గించి ఆపేశాం.

ఆ తర్వాత సిలికాన్. 2002లో వెలువడిన అంతర్జాతీయ సిఫారసుల్లో ఉబ్బు మచ్చలకు మొదటి వరుసలో నిలిచినవి సిలికాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. సిలికాన్ మచ్చలోకి ఇంకి పనిచేసే మందు కాదు. మచ్చ మీద మూతలా ఉండి నీటి ఆవిరిని ఆపుతుంది. పై పొర తేమగా ఉంటే కింది కణాలకు కొలాజెన్ తయారుచేయమనే సంకేతాలు తగ్గుతాయన్నది దాని మీద ఉన్న ప్రధాన వివరణ. అధ్యయనాలను కూడగట్టి చూసిన సమీక్షలు ఆధారం బలహీనంగా ఉందనే చెబుతున్నాయి, ఆ మాట ఆమెకూ చెప్పాను. అయినా వాడటానికి కారణం, హాని దాదాపు లేకపోవడం, దురద తగ్గడం. ఛాతీ మీద షీటు పెట్టాం. రోజుకు నాలుగు గంటలతో మొదలుపెట్టి 12 గంటలు దాటేలా పెంచుకుంటూ పోవాలి. మెడ కదులుతూ ఉంటుంది, షీటు నిలవదు, పైగా పగలు బయటికి కనబడుతుంది. అక్కడ పగటిపూట గొట్టంలో వచ్చే సిలికాన్ జెల్, రాత్రి షీటు. చెమట పట్టే రోజుల్లో షీటు కింద దద్దు లేచింది. అలా లేచినప్పుడు రెండు మూడు రోజులు ఆపి, షీటును రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టి తిరిగి పెట్టుకోవాలి. ఈ చిన్న సంగతి చెప్పకపోవడం వల్లనే చాలామంది సిలికాన్‌ను మధ్యలో వదిలేస్తారు.

ప్రెషర్ గార్మెంట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వైద్యుల్లోనే దీని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. కొలతలు తీసి కుట్టిన బిగుతు దుస్తులు ఇవి. 20 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం మేర ఒత్తిడి, స్నానం సమయం తప్ప రోజుకు 23 గంటలు, మచ్చ పరిపక్వమయ్యేదాకా. వినడానికే కష్టంగా ఉంటుంది, ఆచరణ ఇంకా కష్టం. 2009లో వచ్చిన ఒక విశ్లేషణ పాత అధ్యయనాలను కలిపి చూసి, మచ్చ ఎత్తు కొద్దిగా తగ్గడం తప్ప పెద్ద లాభం తేలలేదంది. మరుసటి ఏడాది వెలువడిన 12 ఏళ్ల అధ్యయనంలో ఒకే గాయంలో కొంత భాగానికి మామూలు ఒత్తిడి, మిగతా భాగానికి తక్కువ ఒత్తిడి ఇచ్చి పోల్చారు. సరైన ఒత్తిడి పడిన భాగం మెత్తగా, పల్చగా ఉంది, కానీ ఆ తేడా మధ్యస్థ, తీవ్ర మచ్చల్లోనే కనిపించింది. నా పద్ధతి కూడా అదే. చదునైన మచ్చకు ఈ శిక్ష వేయను. ఈమె ఛాతీ, పైచేయికి చేతులున్న గార్మెంట్ ఇచ్చాం. ముంజేతికి ఇవ్వలేదు. మెడకు అంత ఒత్తిడి ఇవ్వడం కుదరదు, ఊపిరికీ రక్తప్రసరణకూ ఇబ్బంది. గుడ్డ సాగిపోతే ఒత్తిడి పడిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి కొత్తది తీసుకోవాలి. సాగిన గార్మెంట్‌ను ఏడాది పాటు నమ్మకంగా వేసుకునే రోగులను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మెడ

రెండు నెలల తర్వాత మెడ మచ్చలో ఎక్కువ భాగం కాస్త మెత్తబడింది. దవడ కింద, మెడ మూలన రెండు గట్టి గుట్టలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిలోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. ఈ మందు కొలాజెన్ తయారీని తగ్గించి, పేరుకున్నదాని విచ్ఛిన్నాన్ని పెంచుతుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల గాఢత దాకా వాడతారు. సూది సరిగ్గా మచ్చ మందంలో ఉండాలి. కిందికి దిగితే కొవ్వు కరిగి గుంట పడుతుంది, పైకి వస్తే చర్మం పల్చబడుతుంది. గట్టి మచ్చలోకి మందు నెట్టడం నొప్పి. ముందుగా మొద్దుబరిచే క్రీము రాసి గంట సేపు కప్పి ఉంచడం, మందులో లిగ్నోకెయిన్ అనే మొద్దుబరిచే మందు కలపడం వల్ల నొప్పి తగ్గింది కానీ పోలేదు. ఆమె చెయ్యి పక్కన కూర్చున్న తల్లి చేతిలో ఉండేది.

ఐదు వారాలకోసారి, మూడు విడతలు. మచ్చ మొత్తానికీ ఎందుకు ఇవ్వలేదంటే, అంత విస్తీర్ణానికి సరిపడా మోతాదు ఇస్తే స్టెరాయిడ్ ఒంటి మొత్తం మీద ప్రభావం చూపుతుంది, మహిళల్లో నెలసరి క్రమం కూడా తప్పవచ్చు. ఈ ఇంజెక్షన్లు గుట్టలకే గానీ మైదానానికి కాదు. స్టెరాయిడ్‌తో పాటు 5-ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందును కలిపి ఇస్తే కొందరిలో మెరుగ్గా పనిచేస్తుంది, దుష్ప్రభావాలూ తగ్గుతాయి. కానీ అది కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. గర్భం గురించి ఆలోచిస్తున్నామని దంపతులిద్దరూ చెప్పడంతో ఆ మందు జోలికి పోలేదు.

మూడో విడతకు గుట్టలు సగానికి పైగా దిగాయి, ఎరుపు కూడా తగ్గింది. దవడ కింద ఒకచోట గోరంత మేర చర్మం తెల్లబడింది. ఇది ఈ మందుతో వచ్చే తెలిసిన ప్రభావమే, నల్లటి చర్మం మీద ఎక్కువగా కనిపిస్తుంది. ముందే చెప్పి ఉన్నా, అద్దంలో చూసుకున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడితో ఇంజెక్షన్లు ఆపేశాం. ఏడాది తిరిగేసరికి ఆ తెలుపులో చాలా భాగం మళ్లీ రంగు పట్టింది.

లేజర్ ఈ దశలో వచ్చింది, ప్రమాదం తర్వాత పదకొండో నెలలో. లేజర్ అనేది ఒక చికిత్స పేరు కాదు, వేర్వేరు పనులు చేసే యంత్రాల కుటుంబం. 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది, ఎరుపు మీద పనిచేస్తుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కణాల్లోని నీరు పీల్చుకుంటుంది. దాన్ని ఫ్రాక్షనల్ పద్ధతిలో వాడితే మచ్చలోకి కంటికి కనిపించని సన్నని రంధ్రాలు నిలువుగా పడతాయి. రంధ్రాల మధ్య చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది, అక్కడి నుంచే త్వరగా మానుతుంది. మానే క్రమంలో చిక్కుపడ్డ కొలాజెన్ కొంత కరిగి, కొంత క్రమపద్ధతిలో తిరిగి అల్లుకుంటుంది. మెత్తదనం, సాగే గుణం పెరుగుతాయి. ఒకే సారి మొత్తం పొరను చెక్కేసే పాత పద్ధతికీ దీనికీ భద్రతలో చాలా తేడా ఉంది. 2004లో వచ్చిన ఈ ఫ్రాక్షనల్ ఆలోచన మా రంగంలో నిజమైన మలుపు అని నేను నమ్ముతాను.

ఈమెకు పల్స్‌డ్ డై లేజర్ వాడలేదు. ఎరుపు అప్పటికే తగ్గింది, పైగా నల్లటి చర్మంలో ఆ కాంతిని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది కాబట్టి రంగు మారే ప్రమాదం ఉంటుంది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను మెడకు రెండు నెలల ఎడంతో నాలుగుసార్లు చేశాం. రంధ్రాలు లోతుగా, కానీ చాలా ఎడంగా, ఉపరితలంలో 5 శాతానికి మించకుండా. కాలిన మచ్చలో గ్రంథులు తక్కువ కాబట్టి మామూలు చర్మంలా త్వరగా మానదు. దట్టంగా రంధ్రాలు చేస్తే కొత్త మచ్చే మిగులుతుంది. మొదటిసారి చెవి వెనుక మచ్చ అంచున చిన్న చోట చేసి, నెల రోజులు ఆగి చూశాకే ముందుకు వెళ్లాం. మందంగా మిగిలిన భాగాల్లో, లేజర్ చేసిన వెంటనే పలుచని స్టెరాయిడ్ ద్రావణాన్ని ఆ రంధ్రాల మీద పోశాం. సూది నొప్పి లేకుండా మందు సమంగా లోపలికి వెళ్లడానికి ఇది మంచి దారి.

రెండో విడత తర్వాత ఆమె చెప్పిన మాట మా కొలతలన్నిటి కన్నా స్పష్టంగా ఉంది: "మెడ తిప్పితే చర్మం నాతో పాటే వస్తోందండీ."

చంక

చంక ముందు అంచున ఉన్న పట్టీ కథ వేరు. చంక గుంటలోని చర్మం బాగానే ఉంది, వెనుక అంచు బాగానే ఉంది, ముందు మాత్రం సరళరేఖలా బిగుసుకుంది. చంక బిగుతుల్లో ఇది తేలికైన రకం. గుంట కూడా మచ్చే అయి ఉంటే పక్క నుంచి రక్తప్రసరణతో సహా పెద్ద చర్మపు ముక్కను (ఫ్లాప్) తెచ్చి కప్పాల్సి వచ్చేది.

ఐదో నెలలోనే కోసి సరిచేయవచ్చు కదా అని ఆమె భర్త అడిగారు. కొన్ని బిగుతులకు ఆగకూడదు. కనురెప్ప మూసుకోక కన్ను ఎండిపోతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మెడ ఛాతీకి అతుక్కుపోతున్నా వెంటనే చేయాలి. ఈమెకు అలాంటి అత్యవసరం లేదు. ఎర్రగా, చురుగ్గా ఉన్న మచ్చను కోస్తే కుట్ల వెంట మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ బిగుస్తుంది. మచ్చ పరిపక్వం కావడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. అంతవరకూ బిగుతు పెరగకుండా కాపాడటం ఫిజియోథెరపిస్ట్ పని. రాత్రి చేతిని 90 డిగ్రీల దగ్గర నిలిపే స్ప్లింట్, పగలు గోడ మీద వేళ్లతో పైకి పాకే వ్యాయామం, మాయిశ్చరైజర్ రాసి మచ్చ పాలిపోయేంత ఒత్తిడితో మర్దన. సాగదీయడం నెమ్మదిగా, ఎక్కువసేపు ఉండాలి. ఒక్కసారిగా లాగితే మచ్చ చిట్లుతుంది, చిట్లితే మళ్లీ వాపు, మళ్లీ బిగుతు. మూడు నెలల్లో 85 డిగ్రీలు 120కి చేరాయి. అక్కడ ఆగిపోయాయి. తర్వాతి నెలల్లో ఎంత చేసినా కదల్లేదు. వ్యాయామం ఇవ్వగలిగింది ఇచ్చేసిందని అర్థమైంది.

పదమూడో నెలలో, పట్టీ ఎరుపు తగ్గి పాలిపోయాక, జెడ్ ప్లాస్టీ చేశాం. పట్టీ వెంట గాటు పెట్టి, రెండు చివర్లా ఏటవాలుగా మరో గాటు చొప్పున పెట్టి, ఏర్పడిన రెండు త్రికోణాలనూ ఒకదాని చోట మరొకటి మార్చి కుడతారు. అడ్డంగా ఉన్న వదులు చర్మం నిలువు పొడవుగా మారుతుంది. 60 డిగ్రీల కోణంతో చేస్తే లెక్క ప్రకారం 75 శాతం పొడవు పెరుగుతుంది, మచ్చ చర్మంలో అంతకన్నా తక్కువే వస్తుంది. ఒకే పెద్ద జెడ్ బదులు వరుసగా చిన్నవి వేశాం. త్రికోణాల మొనల్లో రక్తప్రసరణ బలహీనం, మచ్చ చర్మంలో మరీ బలహీనం, అందుకని మొనలను కాస్త మొద్దుగా, మందంగా ఉంచాం. అదే మత్తులో మెడకు రెండో లేజర్ విడత కూడా పూర్తిచేశాం. మత్తు ఒకసారి తగ్గించగలిగితే తగ్గించాలి.

ఒక మొన నల్లబడి, డ్రెస్సింగులతో మానింది. మూడో వారం నుంచి వ్యాయామం మళ్లీ మొదలు. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి స్ప్లింట్ ఇక అక్కర్లేదనుకుని చాలామంది మానేస్తారు, కుట్టిన మచ్చ మళ్లీ బిగుసుకునేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఈమె మానలేదు. మూడు నెలలకు చేయి 165 డిగ్రీలకు లేచింది.

ముంజేయి

ఇక్కడ మేము చేసింది చాలా తక్కువ. మాయిశ్చరైజర్, ఎండలోకి వెళితే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ లేదా పొడవు చేతుల దుస్తులు. కొత్త మచ్చ ఎండకు త్వరగా నల్లబడుతుంది, ఆ నలుపు నెలల తరబడి పోదు. ఆమెకు అప్పటికే ఎవరో తెల్లబరిచే క్రీము ఇచ్చారు. అలాంటి కొన్నింటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, వాడుతూ పోతే పలుచని గ్రాఫ్ట్ చర్మం ఇంకా పల్చబడుతుంది. అది మాన్పించాం. విటమిన్ ఇ నూనె గురించి కూడా అడిగారు. మచ్చ తగ్గిస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదు, కొందరికి దద్దుర్లు వస్తాయి.

వల గళ్ల ఆనవాలు గ్రాఫ్ట్‌ను వలలా సాగదీసి వేయడం వల్ల వచ్చింది. దాన్ని లేజర్‌తో కొంత తగ్గించే ప్రయత్నం చేయవచ్చు, కానీ చదునుగా, మెత్తగా, దురద లేకుండా ఉన్న చర్మాన్ని నల్లటి మచ్చల ప్రమాదంలోకి నెట్టడం నాకు సమ్మతం కాలేదు. ఫొటోలు పక్కపక్కన పెట్టి రెండు దారులూ చూపించాం. ఆలోచించుకుని, వద్దన్నారు.

ఈమెకు అవసరం పడని పద్ధతులు మరికొన్ని ఉన్నాయి. మచ్చ ఎముకకో కండరానికో అతుక్కుపోతే కింద కొవ్వు ఎక్కించడం, విశాలమైన బిగుతుకు మచ్చను కోసి డెర్మల్ టెంప్లేట్ అనే, కొత్త చర్మం అల్లుకోవడానికి ఆధారమయ్యే పొరను పరిచి ఆపైన గ్రాఫ్ట్ వేయడం, తల మీద వెంట్రుకలు పోయిన మచ్చకు పక్కనున్న మంచి చర్మాన్ని బెలూన్‌తో నెలల తరబడి సాగదీసి జరపడం. మచ్చ తెల్లగా మిగిలిపోయినవారికి మంచి చర్మం నుంచి రంగు కణాలు తీసి మార్పిడి చేస్తారు. వీటిలో ప్రతిదానికీ తగిన రోగి వేరు.

రెండేళ్లకు

మెడ మచ్చ వాంకూవర్ స్కేల్‌లో 10 నుంచి 5కు దిగింది. దగ్గరగా చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది, రంగు ఇప్పటికీ పక్క చర్మంతో కలవలేదు. ముంజేయి ఏ యంత్రమూ తాకకుండానే 4 నుంచి 3కు వచ్చింది. చేయి 165 డిగ్రీల దగ్గర నిలిచింది. దురద పదికి రెండు, ఉక్కగా ఉన్న రోజుల్లో కాస్త ఎక్కువ. పోసాస్ కాగితంలో మొత్తం మచ్చ గురించి మొదట పదికి తొమ్మిది వేసిన మనిషి, ఇప్పుడు నాలుగు వేశారు. నేనైతే ఐదు వేసేవాణ్ని. మొదటి ఏడాది ఎప్పుడూ మెడకు చుట్టుకుని వచ్చిన స్కార్ఫ్ గత రెండు సందర్శనల్లో లేదు. క్లాసులో పిల్లలు అడిగితే, "కాలింది, మానింది" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోతున్నానన్నారు.

స్ప్లింట్, గార్మెంట్, సిలికాన్ అన్నీ ఆపేశాం. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రం కొనసాగుతాయి. గర్భం వస్తే మచ్చల్లో లాగుడు, దురద పెరగవచ్చని, అప్పుడు ఏ మందూ సొంతంగా మొదలుపెట్టవద్దని చెప్పాం. ఏడాదికోసారి చేయి కోణం కొలుస్తాం. పాత కాలిన మచ్చ మీద వారాల తరబడి మానని పుండు పడినా, తరచూ చిట్లుతున్నా, గట్టి గడ్డ లేచినా, ఎన్నేళ్ల తర్వాతైనా సరే వెంటనే రావాలని ఆమెకూ భర్తకూ విడివిడిగా చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చాం. అరుదుగానే అయినా, దశాబ్దాల తర్వాత అలాంటి పుండు చర్మ క్యాన్సర్ కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తొలిదశలోనే దొరుకుతుంది.